ఎగరని కెప్టెన్

పోయిన నెల సెలవు మీద గద్వాల వచ్చినప్పుడు వనపర్తి నుంచి మా చిన్నమ్మ నా ఫోనుకి ఒక కరపత్రం ఫోటో పంపింది. ఎయిర్ హోస్టెస్, గ్రౌండ్ స్టాఫ్ శిక్షణ, ఆరు నెలలు, ఉద్యోగం గ్యారంటీ. కింద తెల్లచొక్కా, నల్లకళ్లద్దాలు, భుజాల మీద నాలుగు బంగారు గీతలతో ఒక మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక మేఘాలు. మేఘాలు కంప్యూటర్లో అతికించినవి. మనిషి మాత్రం అసలువాడే, నాకు బాగా తెలిసినవాడే.

ఫోటో వెనకాలే చిన్నమ్మ గొంతు వచ్చింది. "బిడ్డా, శిరీష గీడనే చేరుత అని ఒక్కటే మొండికేసింది. గా సారు మీ కాలేజీల సదివిండంట కద. సోమవారం నువ్వు గూడ రా, మాట్లాడి చేర్పిద్దాం."

శిరీష చిన్నమ్మ కూతురు. మొన్ననే ఇంటర్ అయింది. ఫోటో చూసి ముందు నవ్వాను. ఆ తర్వాత ఒళ్లు మండింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మొహం చూస్తే ఒళ్లు మండుతుందని అప్పుడే తెలిసింది.

అతని పేరు రాయను. తిడుతూ రాసినా సరే, పేరు అచ్చులో పడితే చాలు, నలుగురికి చూపించుకుని మురిసిపోయే రకం. కాలేజీలో అతన్ని అందరం కెప్టెన్ అనేవాళ్లం. అంటే, అనిపించుకునేవాడు. మా పాలమూరులో సీనియర్ ఎవరైనా అన్నే. మొదటి వారంలో నేను "అన్నా" అని పిలిస్తే ఆగి, కళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టి, "ఇంట్ల అన్న, ఈడ కెప్టెన్" అన్నాడు. అంత గంభీరంగా ఆ మాట చెప్పిన మనిషి చేతిలో అప్పుడు ఉప్మా పళ్లెం ఉంది.

మా కాలేజీ పేరుకు యూనివర్సిటీ, మీరేదో పెద్దగా ఊహించుకోవద్దు. వనపర్తి దాటి కొంత దూరం పోతే వేరుశనగ చేల మధ్య రెండు బిల్డింగులు, ఒక పెద్ద రేకుల షెడ్డు. ఆ షెడ్డు పేరు హ్యాంగర్. అందులో ఎవరో దానమిచ్చిన పాత నాలుగు సీట్ల విమానం. వారానికోసారి దాని ఇంజన్ నేల మీదే తిప్పి మాకు చూపించేవారు. అది ఎగరగా చూసినవాడు లేడు. రన్‌వే వస్తుందని ఒక బోర్డు ఉండేది, ఆ బోర్డు నీడన గొర్రెలు పడుకునేవి. ఎయిర్ హోస్టెస్ కోర్సు పిల్లల కోసం పన్నెండు సీట్లు బిగించిన రేకుల డబ్బా ఒకటి. మే నెలలో, కరెంటు పోయినప్పుడు కూడా, ఆ డబ్బాలో నిలబడి చెమటతో, లిప్‌స్టిక్‌తో, నవ్వు చెదరకుండా నీళ్లు అందించడం నేర్చుకునేవారు పాపం. నవ్వు తగ్గితే మార్కులు తగ్గేవి.

చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు మేం "ఇమానాల పోరగాళ్లం". గురువారం గురువారం మెడకు టై కట్టుకుని బస్సెక్కితే కండక్టర్ కూడా నవ్వేవాడు. మాలో నిజంగా విమానం ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు. మా నాన్న గద్వాలలో చీరలు నేస్తాడు. నా రూమ్మేట్ పద్మ వాళ్లది తెలకపల్లి, కౌలుకు తీసుకున్న చెలకలో పత్తి. లింగాల నుంచి వచ్చినవాళ్లు, రాజోలి నుంచి వచ్చినవాళ్లు, అందరిదీ అదే కథ. విమానం ఎక్కకుండా విమానం విప్పడం నేర్చుకుంటున్నామని మాలో మేమే నవ్వుకునేవాళ్లం. అతను మాత్రం నవ్వేవాడు కాదు. అతనికి అది తలకొట్టేసినట్టు ఉండేది. ఆ సంగతి దాచుకోవడానికే కాలేజీలో ఉన్నన్నాళ్లూ వేషం కట్టాడని నా అనుమానం.

మాకంటే ఒక ఏడాది ముందువాడు. చదివింది మేం చదివిందే, విమానాల మరమ్మతు. పైలట్ కోర్సు మా దగ్గర లేనే లేదు. అయినా భుజాల మీద గీతలు. అవి ఊడదీసి తొడుక్కునే రకం, హైదరాబాద్‌లో కొనుక్కొచ్చాడు. కాలేజీలో రెండు గీతలు. వనపర్తి బస్సులో మూడు. గద్వాల బస్టాండులో దిగేసరికి నాలుగు. ఒక జత తీసి ఇంకో జత తొడుక్కోవడం బస్సులో మా కళ్లెదుటే, బనియను సర్దుకున్నంత మామూలుగా. ఒక్క రోజు పనికి పోయినా చక్రాల పెట్టె లాక్కుంటూ పోయేవాడు. అందులో ఏముంటుందని ఒకసారి పద్మ అడిగితే "ఫ్లైట్ డాక్యుమెంట్స్" అన్నాడు. పెబ్బేరు దగ్గర బస్సు కుదుపుకి పెట్టె తెరుచుకుంటే అందులోంచి దుప్పటి, సగం తిన్న మిక్చర్ పొట్లం పడ్డాయి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఆకాశంలో చప్పుడైతే చాలు, తల ఎత్తకుండానే ఏ విమానమో, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో చెప్పేవాడు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయేవి మా నెత్తి మీదుగానే పోతాయి కాబట్టి చాలాసార్లు నిజమే అయ్యేది. ఒక రోజు వేప చెట్ల అవతల గరగరమని చప్పుడైంది. కొత్తగా చేరిన పిల్లలు చుట్టూ ఉన్నారు. అతను చెయ్యి ఎత్తి అందరినీ నిశ్శబ్దం చేయించి, కళ్లు మూసుకుని, "ట్విన్ ఇంజన్. ట్రైనింగ్ ఫ్లైట్. పైలట్ కొత్తోడు, చెయ్యి వణుకుతుంది" అన్నాడు. చెట్ల మీదుగా మెల్లగా వచ్చింది, పక్క మిరపతోటకు మందు కొట్టే డ్రోన్. పిల్లలు విరగబడి నవ్వారు. అతను కళ్లు తెరిచి ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అదే చెప్తున్న. పైలట్ లేడు, గందుకే వణుకుతుంది" అన్నాడు. అప్పుడే నాకు అర్థమైంది, ఈ మనిషికి పుట్టుకతో రావలసింది ఏదో రాలేదు. దాని పేరు సిగ్గు.

మెస్సులో ఒక ప్రకటన చేసేవాడు. గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని, విమానంలో కెప్టెన్ మాట్లాడినట్టు, ఇవాళ పప్పులో కొంత కుదుపులు ఉండవచ్చు, దయచేసి మీ సీట్లలోనే కూర్చోండి అని. మొదటిసారి విని నేనూ నవ్వాను, ఒప్పుకుంటాను. మూడేళ్లలో ఆ ఒక్క జోకు ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. మా వంటామె కూడా చివరికి గరిటె చూపించి "ఇంగ దిగు నాయనా నీ ఇమానం" అనేది.

అతని దృష్టిలో లోకంలో రెండే జాతులు. ఒకటి క్రూ, రెండోది ప్యాసింజర్. తనకు నచ్చినవాళ్లు, పనికొచ్చేవాళ్లు క్రూ. మిగతావాళ్లంతా ప్యాసింజర్లు. కొత్తగా చేరినవాళ్లు, నూనె మరకలతో తిరిగే నాలాంటివాళ్లు, అతని జోకుకి నవ్వనివాళ్లు అందరం అందులోనే. "వదిలేయ్, ప్యాసింజర్" అని చేత్తో ఈగను తోలినట్టు అనేవాడు. మాలో కొందరు ఆ క్రూ అనిపించుకోవడానికి అతని పెట్టె మోసేవారు, రికార్డులు రాసిపెట్టేవారు. వాళ్లను చూస్తే అతని మీదకంటే ఎక్కువ అసహ్యం వేసేది నాకు.

మంచి లేదా అంటే ఉంది. ఒకసారి మా హాస్టల్ పిల్లకు జ్వరం ఎక్కువైతే ఎవరూ కదలకముందే ఆటో తెచ్చి దవాఖానకు తీసుకుపోయాడు. నిజంగానే తీసుకుపోయాడు. కాకపోతే ఆ కథ నెల రోజులు చెప్పాడు. మొదటి వారం ఆటో పిలిచాడు. రెండో వారం ఆటో నడిపాడు. నెలాఖరుకి డాక్టరుకి ఏ ఇంజక్షన్ ఇవ్వాలో కూడా అతనే చెప్పాడు.

మా ఇంటికి ఒకసారి వచ్చాడు. రెండో ఏడాదిలో గద్వాల కోట చూడాలని అయిదారుగురం వచ్చినప్పుడు వెంట వచ్చాడు, నాలుగు గీతలతో. మా నాన్న మగ్గం మీద కూర్చుంటే ఎవరొచ్చినా లేవడు. పని ఇచ్చే సావుకారు వచ్చినా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకునే మాట్లాడతాడు. ఆ రోజు ఈ గీతలు చూసి లేచాడు. చేతులు తుడుచుకుని కుర్చీ వేశాడు. నాకు తల తీసేసినట్టయింది.

"సార్, ఒకటి అడుగుత, ఏమనుకోకు," అన్నాడు నాన్న. "ఇమానంల ఉక్కపోస్తె కిటికి తెరుస్తరా?"

నాన్నకు తెలియదు, అడిగాడు. అందులో తప్పులేదు. ఎక్కని విమానం గురించి తెలియదని చెప్పడానికి ఆ మహానుభావుడికి నోరెలా వస్తుంది?

"ఎండాకాలం జర తెరుస్తం అంకుల్," అన్నాడు. "కెప్టెన్ పర్మిషన్ ఉండాలె."

నేను ఏదో అనబోతే పద్మ నా చెయ్యి గిల్లింది. నాన్న తల పంకిస్తూ ఎంతో సంతోషపడ్డాడు. ఆ సంతోషం చూసి అతనికి ఇంకా ఊపొచ్చింది. మగ్గం మీది అంచు రెండు వేళ్లతో పట్టుకుని, పెద్ద కంపెనీవాళ్లు తనకు తెలుసని, వాళ్ల ఎయిర్ హోస్టెస్‌లకు గద్వాల చీరలు పెట్టిస్తానని, ముందు ఒక శాంపిల్ కావాలని చెప్పాడు. నాన్న నా వైపు చూశాడు. నేను నేల చూశాను. అది గాలి మాట అని నాకు తెలుసు. ఇంటికొచ్చిన వాణ్ని పట్టుకుని అబద్ధాలకోరు అనలేకపోయాను.

నాన్న ఆ శాంపిల్ కోసం చదరాల కాగితం మీద పెన్సిలుతో విమానం బొమ్మ గీసుకున్నాడు. రెక్కలు ఎన్ని పోగుల్లో రావాలి, తోక ఎక్కడ ఆగాలి అని నన్ను ఫోనులో అడిగేవాడు. ఒడలంతా తెల్లటి నూలు, నీలం పట్టు అంచు, అంచులో చిటికెన వేలి గోరంత జరీ విమానాలు. అలాంటిది గద్వాలలో ఎవరూ నేసి ఉండరు. ఒక గజం నేసి మడిచి నా చేతికిచ్చాడు, నేను అతనికిచ్చాను. ఆ తర్వాత ఏడాది పొడుగునా నాన్న ఫోను చేసినప్పుడల్లా అడిగేవాడు, "గా పిలగాడు ఏమన్న చెప్పిండా బిడ్డా?" అని. ఆ గుడ్డ ఏమైందో ఆఖరికి వార్షికోత్సవం రోజున తెలిసింది. ముఖ్య అతిథి మెడలో శాలువాగా వేశాడు. "నేను స్వయంగా డిజైన్ చేయించింది" అని మైకులో చెప్పాడు. నాన్నకు మాత్రం వాళ్లు వేరే రంగు అడిగారని చెప్పాను. అది నేను చెప్పిన అబద్ధం, అతనికి అంటగట్టను.

అయితే ఇప్పుడు చెప్పబోయేది దానికంటే ముందు జరిగింది. అప్పటికి ఆ శాంపిల్ ఏమైందో నాకింకా తెలియదు.

మా హ్యాంగర్‌లో ఒక బోర్డు ఉండేది. దాని మీద ప్రతి పనిముట్టు ఆకారం నల్లరంగుతో గీసి, ఆ బొమ్మ మీదే ఆ పనిముట్టు తగిలించి ఉండేది. ఒక్కొక్కరికి అయిదు ఇత్తడి బిళ్లలు ఇచ్చేవారు, వాటి మీద మన నంబరు. స్పానర్ తీసుకుంటే ఆ ఖాళీలో మన బిళ్ల తగిలించాలి. తిరిగి పెట్టినప్పుడు బిళ్ల తీసుకోవాలి. సాయంత్రం బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలినా విమానం మూయడానికి లేదు. విమానం లోపల ఎక్కడో ఒక పనిముట్టు ఉండిపోయిందని అర్థం. ఎగిరే విమానంలో అది పోయి విమానాన్ని తిప్పే తీగల మధ్య ఇరుక్కుంటే ఎక్కినవాళ్లు ప్రాణాలతో దిగరు.

ఆ బోర్డుకు కాపలా రాజోలి సార్. ఊరు రాజోలి కాబట్టి అలా పిలిచేవాళ్లం. వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి వచ్చినవాడు. ఎగరని విమానానికి ఇంత చాదస్తం ఎందుకని మేం గొణిగితే, "ఇమానం ఎగరదు, నాకూ తెలుసు. చెయ్యి అలవాటు పడేది ఈడ, ఎగిరేది ఇంకోతాన" అనేవాడు. బిళ్ల ఎవరికీ ఇవ్వకూడదన్నది ఆయన మొదటి పాఠం. "బిళ్ల ఇచ్చుడంటే సంతకం చేసిన తెల్లకాయితం ఇచ్చుడే" అనేవాడు.

మూడో ఏడాది అది. హైదరాబాద్‌లో నిజమైన హ్యాంగర్‌లో శిక్షణకు మా తరగతి నుంచి ముగ్గురిని పంపుతారని చెప్పారు. అక్కడ పనిచేస్తేనే లైసెన్సు పరీక్షకు దారి, లేకపోతే డిగ్రీ కాగితం చుట్టి పెట్టుకోవడమే. పేర్లు శుక్రవారం నోటీసు బోర్డులో పెడతారు. రాజోలి సార్ రాసుకున్న వరసలో పద్మ మొదటిది. నేను నాలుగోదాన్ని. పద్మ చెయ్యి అలాంటిది మరి. చూడకుండా వేలితో తడిమి ఏ బోల్టు వదులైందో చెప్పేది. వాళ్ల నాన్న ఆ ఏడు పత్తి పోయినా కూతురి చదువు ఆపలేదు, ఈ శిక్షణ ఒక్కటి వస్తే గట్టున పడ్డట్టే అనుకున్నారు.

ఆ బుధవారం పద్మ విమానం రెక్క కింద వెల్లకిలా పడుకుని చక్రం బ్రేకు విప్పుతోంది. నేను పక్కన ట్రే పట్టుకుని ఉన్నాను, మిగతావాళ్లు షెడ్డు బయట పనిలో ఉన్నారు. కెప్టెన్ వచ్చాడు. సీనియర్లు వచ్చి మాకు సాయం చేయాలని నియమం, అతను సాయం చేయడం మాత్రం ఎవరూ చూడలేదు.

"చెల్లె, నా బిళ్లలన్నీ అయిపోయినయి. ఒక్కటి ఇయ్యి, పది నిమిషాలల్ల తెచ్చిస్త."

పద్మ రెక్క కిందినుంచే నడుముకున్న బిళ్ల తీసి ఇచ్చింది. అన్న అడిగితే లేదనడం మా ఊళ్లలో ఎవరికీ రాదు. ఎవరింట్లోనైనా గంప అడిగితే ఇవ్వరా, ఇదీ అంతే అనుకుంది. నేను చూస్తూనే ఉన్నాను, వద్దనలేదు. ఆ బిళ్ల పెట్టి అతను పెన్నంత టార్చ్ ఒకటి తీసుకున్నాడు. నన్ను పక్కకు పిలిచి, "జర రీల్ తియ్యి. ఇది హిట్టయితే నెక్స్ట్ మీ నాన్న శాంపిల్ పెట్టి చేద్దాం" అన్నాడు. హ్యాంగర్‌లోకి ఫోను తేవడం నిషేధం. పట్టుబడితే ఆ ఏడాది హ్యాంగర్ గుమ్మం తొక్కనివ్వరు. నా ఫోను నా ఓవరాల్ జేబులో ఉందని అతనికి తెలుసు.

విమానం కిటికీల మీద టార్పాలిన్ కప్పి చీకటి చేశాడు. టార్చ్ ఒళ్లో పెట్టుకుని మొహం మీదికి వెలుతురు కొట్టించుకున్నాడు. "ముప్పై ఐదు వేల అడుగుల ఎత్తులో మీ కెప్టెన్..." అని మొదలుపెట్టాడు. ఆ విమానం బతికున్న రోజుల్లో అందులో సగం ఎత్తుకు కూడా పోయి ఉండదు. మూడుసార్లు తీయించాడు. రాజోలి సార్ చెప్పుల చప్పుడు వినబడగానే ఇద్దరం దిగేశాం. టార్చ్ అతని ఒళ్లోంచి జారి ఎక్కడ పడిందో అతను చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు.

నాలుగున్నరకు అందరం బోర్డు ముందు నిలబడ్డాం. టార్చ్ బొమ్మ మీద బిళ్ల వేలాడుతోంది.

"ఇరవై ఏడు ఎవరిది?" అన్నాడు రాజోలి సార్.

"నాదే సార్," అంది పద్మ. "గని టార్చ్ నేను తీస్కోలే. కెప్టెనన్న అడిగితే బిళ్ల ఇచ్చిన."

అతను కనుబొమలు పైకెత్తాడు. "నాకా? ఎప్పుడు చెల్లె?" అన్నాడు. గొంతులో ఎంత జాలి! "పొద్దుగాల్నుంచి కింద పండుకోని పని చేస్తున్నవ్, అలిసిపోయినవ్. మంచిగ యాది చేస్కో."

కోప్పడినా బాగుండేది. ఆ జాలికి నేను ఇప్పటికీ అతన్ని క్షమించలేదు.

"ఎవరన్న చూసిన్రా?" అని సార్ అందరినీ అడిగాడు. పద్మ నా వైపు తిరిగింది. అతను కూడా తిరిగాడు. బతిమాలలేదు, బెదిరించలేదు. గడియారం చూసుకున్నట్టు చూశాడంతే. నేను ఏం చెబుతానో అతనికి నాకంటే ముందే తెలుసు.

"నేను అటు దిక్కు లేను సార్," అన్నాను.

విమానం సీట్లు లేపి వెతికారు, దొరకలేదు. పనిముట్టు పోగొట్టినా, బిళ్ల ఇంకొకరికి ఇచ్చినా తప్పు తప్పే కాబట్టి పద్మ పేరు తీసేశారు. రూముకి వచ్చాక పద్మ ఏడవలేదు. ఓవరాల్ మడిచి పెట్టెలో పెడుతూ, "ఏం గాదు లే. నీ ఫోను బయటపడితె నీకు గూడ పరేషానే కద" అంది. నాకు అప్పటిదాకా ఏ సాకూ దొరకలేదు. ఆ సాకు నా చేతికిచ్చింది కూడా పద్మే. ఇన్నేళ్లూ దాన్నే పట్టుకుని బతికాను.

శుక్రవారం కాగితం అంటించారు. మూడో పేరు నాది.

సోమవారం రాజోలి సార్ పైలట్ కాళ్ల దగ్గరి పెడల్ కింద తీగల మధ్యనుంచి టార్చ్ తీశాడు. పద్మ ఎన్నడూ ఎక్కని సీటు అది. తెచ్చి బోర్డుకు తగిలించి, బిళ్ల పద్మ చేతిలో పెట్టి పోయాడు. ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. కానీ పేర్లు అప్పటికే హైదరాబాద్ పోయాయి. ఆ మధ్యాహ్నం మెస్సులో కెప్టెన్ నా పక్కన కూర్చుని, నా పళ్లెంలో ఒక అప్పడం వేసి, "ఇగ నువ్వు క్రూ అయినవ్" అన్నాడు. ఆ అప్పడం నేను తినలేదు. తిరిగి అతని పళ్లెంలోనూ వేయలేదు.

ఇది జరిగి ఆరేళ్లవుతోంది. నేను హైదరాబాద్‌లో విమానాలు విప్పి బిగిస్తున్నాను. పద్మ తెలకపల్లిలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు లెక్కలు చెబుతోంది. అతను శిక్షణ కేంద్రం పెట్టాడు.

చిన్నమ్మ చెప్పిన సోమవారం పోయాం. వనపర్తిలో టైర్ల దుకాణం మీద రెండో అంతస్తు. చెప్పులు గుమ్మం బయట విడవాలి, లోపల నేల మీద నీలం తివాచీ. పది పన్నెండు మంది ఆడపిల్లలు మెడకు రంగు గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. అతను ఒళ్లు చేశాడు. గీతలు ఇప్పుడు చొక్కాకే కుట్టించుకున్నాడు.

"ఏయ్, మా క్రూ వచ్చింది!" అని రెండు చేతులూ చాచాడు. చిన్నమ్మ మొహం వెలిగిపోయింది. శిరీష సర్టిఫికెట్ల ఫైలు అతని బల్ల మీద పెట్టేసింది. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, అతిథులు వచ్చారు కాబట్టి ఇవాళ ప్రత్యేక పాఠం అన్నాడు. పాఠం పేరు క్రమశిక్షణ. చెప్పింది టార్చ్ కథ.

ఆ కథలో ఒక నిర్లక్ష్యపు అమ్మాయి విమానంలో టార్చ్ పోగొట్టింది. బోర్డు మీది బిళ్ల చూసి కనిపెట్టింది కెప్టెన్. అందరూ ఇంటికి పోదామంటే, వద్దు, ప్రాణాలతో చెలగాటం అని విమానం ఆపించింది కెప్టెన్. పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. శిరీష కళ్లు ఇంతింత చేసుకుని వింటోంది.

"గా పొల్ల ఇప్పుడు యాడుందో ఎవరికి తెల్సు," అన్నాడు చివర్న నిట్టూర్చి. "క్రమశిక్షణ లేకుంటె గట్లనే ఉంటది."

"తెలకపల్లిల ఉంది," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. "పేరు పద్మ. టార్చ్ పోగొట్టింది ఆమె గాదు, నువ్వు. ఆమె బిళ్ల అడుక్కోని తీస్కపోయి రీల్ చేస్కున్నవ్. తీసింది నేనే."

తడబడతాడని, కనీసం చెమటైనా పడుతుందని చూశాను. ఎవరి మొహంలో చూశాను నేను! అతను హాయిగా నవ్వి, బల్ల మీదికి ఎక్కి కూర్చున్నాడు.

"గట్లనా? మరి అప్పుడెందుకు చెప్పలే?"

పిల్లలందరూ నా వైపు తిరిగారు. చిన్నమ్మ తిరిగింది. ఫోను మాట నాలుక చివరే ఉంది. పద్మ అందించిన సాకు, ఆరేళ్లుగా అరిగిపోయిన సాకు. శిరీష మొహం చూశాక అది నోట్లోంచి రాలేదు.

"పద్మ పేరు పోతెనే నా పేరు వస్తుండె," అన్నాను. "గందుకే చెప్పలే."

ఆ మాట నేను బయటికి అనడం అదే మొదటిసారి. నాలో నేను కూడా అనుకోలేదు. అతను రెండు క్షణాలు నన్ను చూసి, పిల్లల వైపు తిరిగి, "చూసిన్రా? ఎంత నిజాయితీనో! ఇది క్రూ అంటే. చప్పట్లు కొట్టున్రి" అన్నాడు. నలుగురైదుగురు కొట్టారు కూడా, ఎందుకు కొడుతున్నారో తెలియకుండానే. అలాంటి మనిషిని ఏం చేస్తారు? ఉమ్మితే పన్నీరు చల్లారని చెప్పుకుంటాడు.

చిన్నమ్మ లేచింది. బల్ల మీది ఫైలు తీసుకుని, శిరీష చెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి వచ్చింది. నేను వెనకాలే వచ్చాను. శిరీష వంగి చెప్పులు తొడుక్కుంటోంది.

"వాడు ఎసొంటోడో సమజైంది, మంచిదే," అంది చిన్నమ్మ. "గని బిడ్డా, ఇన్నేండ్ల సంది దీనికి నిన్నే చూపెట్టుకుంట వచ్చిన, అక్క లెక్క కావాలె అని. ఇగ ఎవర్ని చూపెట్టాలె?"

నేను నా చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను. వాళ్లు మెట్లు దిగిపోయారు.